తొర్ర మీద తేదీ

ఉగాది ఇంకా పదకొండు రోజులుందనగా, గురువారం, పొద్దున పది గంటల పది నిమిషాలకు నేను ఒక ఇప్పచెట్టు తొర్రను సిమెంటుతో మూసేశాను. లోపల తేనెటీగలు ఉన్నాయి. ఉన్నాయని నాకు తెలుసు.

గంటా నిమిషమూ ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నావని అడుగుతారేమో. ఆ సిమెంటు మీదే రాసి ఉంది. తడి ఆరకముందే మేకుతో రాశాను. అందులో దాచిపెట్టడానికి ఏమీ లేదు.

ఎందుకు రాశానో తెలియాలంటే నేను చేసిన పని తెలియాలి. ముప్పై నాలుగేళ్ళు బొగ్గుబాయిలో గోడలు కట్టాను. బొగ్గు తీసేసిన దారులను అట్లాగే వదిలేస్తే, లోపల మిగిలిన బొగ్గుకు గాలి తగిలి దానంతటదే రాజుకుంటుంది. అందుకని ఆ దారులకు అడ్డంగా ఇటుకగోడ కట్టి, అంచులన్నీ సిమెంటు పూసి, గాలి చొరకుండా మూసేస్తారు. దాన్ని స్టాపింగ్ అంటారు. గోడలో పుల్ల దూరేంత సందు ఉన్నా చాలు, కొన్నాళ్ళకు దాని వెనుక నిప్పు పుడుతుంది. ఆ సందు కంటికి కనబడదు. గోడకు చెంప దగ్గరగా పెట్టి చూసుకోవాలి. చెంపకు చల్లగా తగిలితే గాలి తిరుగుతోందని లెక్క. వెచ్చగా తగిలితే లోపల ఏదో బతికి ఉందని, అంటే నిప్పు ఉందని లెక్క. మా షిఫ్టు పనిని చూసుకునే ఓవర్‌మేన్‌కు నా చెంప మీద నమ్మకం. "మిషన్ తప్పుతదేమో గాని వీని చెంప తప్పది" అనేవాడు. ఆ ఒక్క మాట మీద నేను ఎన్నేళ్ళు బతికానో నాకే తెలియదు.

గోడ పూర్తయ్యాక దాని మీద నంబరు, తేదీ, షిఫ్టు రాయాలి. నిప్పున్న దారిని మూస్తే గంట కూడా రాయాలి. అది రూలు. నాకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా నా గోడల మీద వేరేవాళ్ళు రాశారు. కట్టేది నేను, చాక్‌పీసు పట్టుకొని వచ్చి రాసేది మొన్న మొన్న డ్యూటీలో చేరిన పిలగాడు. ఒకరోజు వాడు రాస్తూ రాస్తూ నవ్వాడు.

"కాకా, నేను ఈడ తారీఖు బదులు గాడిద అని రాసిన్ననుకో, నువ్వు దానికి గూడ దండం పెడ్తవు గదా?"

పక్కనున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని. మరుసటి రోజు నుంచి షిఫ్టుకు పావుగంట ముందు పోవడం మొదలుపెట్టాను. బాయి దిగేముందు లాంపులు ఇచ్చే కిటికీ దగ్గర ఒక గుమస్తా ఉండేవాడు. పెద్ద మాటకారి కాదు. రోజుకు ఒక అక్షరం, కిటికీ అరుగు మీద బొగ్గుముక్కతో రాసి చూపించేవాడు. నేను దిద్దేవాణ్ణి. మా షిఫ్టువాళ్ళు దాన్ని తుడిచేసుకుంటూ లాంపులు తీసుకునేవాళ్ళు. ఏడాది పైనే పట్టింది. మొట్టమొదటిసారి నా గోడ మీద నా చేత్తో తేదీ రాసిన రోజు అక్కణ్ణుంచి కదలలేకపోయాను.

"ఏంది, గోడకు పెండ్లి చేస్తున్నవా? నడువ్" అన్నాడు జోడీ పనివాడు.

ఆ తర్వాత అది ఒక రోగంలాగా పట్టుకుంది. ఎక్కడ సిమెంటు పెట్టినా మేకు తీసి వారం, తేదీ రాసేవాణ్ణి. కాలనీలో ఎవరి నీళ్ళ హౌజు కట్టినా, ఎవరి బాత్రూము గట్టు పూసినా నా రాత ఉంటుంది. మా ఇంటామె బతికున్నన్ని రోజులు అదే మాట అనేది: "పాల మీద మీగడ గడితే దాని మీద గూడ తారీఖు ఏస్తడు ఈ మనిషి." మా అన్న చనిపోతే అతని సమాధి కట్టింది నేనే. దాని మీద కూడా నేనే రాశాను. వారం, తేదీ, పొద్దున ఎన్ని గంటలకు ప్రాణం పోయిందో అదీ.

ఇక చెట్టు సంగతి.

మా ఊరు ఇప్పుడు లేదు. బొగ్గు కోసం పైనుంచే తవ్విన ఓపెన్‌కాస్టు గోతిలోకి పోయింది. దాని గురించి నేను రాయను. రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, బాగా ఏడిపిస్తారు కూడా. మాకు మిగిలింది మా పొలం గట్టు మీది ఇప్పచెట్టు ఒక్కటే. గోతిలోంచి తీసిన మట్టి గుట్టగా పోసుకుంటూ వచ్చి, ఆ చెట్టుకు నాలుగు బారల దూరంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. ఆ చెట్టు నడుము దగ్గర ఒక తొర్ర. అందులో మా నాయన కాలం నుంచి ఈగలు ఉన్నాయి. పెద్ద పెద్ద పట్టులు పెట్టే కోపిష్టి ఈగలు కావు. తొర్రల్లో, పుట్టల్లో ఉండే చిన్న నాటు ఈగలు, పొట్ట మీద నల్లచారలవి. వాటి జోలికి పోకపోతే అవి మన జోలికి రావు.

తేనె తీసేది మా అన్న. మా ఇంట్లో దానికి ఒక కట్టుబాటు ఉంది. తొర్రలో చేయి పెడితే మోచేతి దాకానే. మోచేయి అవతల ఉన్నది ఈగలది. చేయి పొడుగున్నవాడు తీస్తే ఎక్కువ వస్తుందని, మా నాయన ఏరికోరి చేతులు పొట్టిగా ఉన్న మా అన్నకు ఆ పని అప్పజెప్పాడట. నా చేతులు పొడుగు. అందుకే నన్ను ఎప్పుడూ చెట్టు దగ్గరికి రానీయలేదు. చిన్నప్పుడు దానికి నాకు కోపం వచ్చేది.

అన్న పోయాక ఆ చెట్టు చుట్టూ ఉన్న తునక నేలను వదిన దున్నుకుంది. మట్టిగుట్టకూ కాలనీ గోడకూ మధ్య మిగిలిన సందు అది, ఎవరికీ పనికిరానిది. అక్కడ గుమ్మడి, దోస పెట్టేది. పొద్దున కాయలు కోసి, గంపకెత్తుకొని కాలనీ మూల మీద కూర్చుంటే ఎనిమిదింటికల్లా గంప ఖాళీ. ఒంటరి మనిషి. కొడుకులు లేరు, బిడ్డలు లేరు. మా ఇంట్లో ఉండమంటే ఉండలేదు. "నా పాదులు నన్ను సాకుతయి మర్ది, నువ్వు నీ గోడలు కట్టుకో పో" అనేది. ఆ పాదులను సాకేవి ఈగలని ఆమెకు తెలుసు. పొద్దున్నే గుమ్మడిపూలు విచ్చుకునే వేళకు అవి దిగేవి. మగపువ్వు నుంచి ఆడపువ్వుకు, ఆడపువ్వు నుంచి ఇంకోదానికి. ఆమె కాయలు కోస్తూ వాటితో మాట్లాడేది. నేను విన్నాను. "ఆడికి పోవే, గా మూలకున్నది జూడలే నువ్వు" అని పనివాళ్ళకు చెప్పినట్టు చెప్పేది. చుట్టుపక్కల ఇంకెక్కడా అన్ని ఈగలు లేవు. బ్లాస్టింగు దుమ్ము, బూడిద, ఎండ. ఆ ఒక్క చెట్టే.

రెండేళ్ళ క్రితం కాలనీ కమిటీవాళ్ళు నలుగురి దగ్గర చందాలు పోగేసి, మట్టిగుట్ట కింద సీతాకోకచిలుకల పార్కు పెడతామన్నారు. మంచిదే. నేనూ మంచిదే అన్నాను. పని ఒక చిన్న కాంట్రాక్టరుకు ఇచ్చారు. రిటైరై ఊరికే కూర్చున్న మేస్త్రీనని నన్ను పిలిచారు. గేటు దిమ్మెలు, కాలిబాట అంచులు, నీళ్ళ తొట్టి, మధ్యలో ఒక సిమెంటు సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుక కూడా నేనే చేశాను. రెక్కలు నా గోడల్లాగానే వచ్చాయి, బరువుగా.

మొదటి రోజు పని ఏమిటంటే, జిల్లేడు పీకడం. మట్టిగుట్ట వారంతా జిల్లేడే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, నారింజ రంగు రెక్కలకు నల్లగీతలుండే సీతాకోకచిలుకలు దాని మీదే గుడ్లు పెడతాయి. చారల చారల గొంగళిపురుగులు దాని ఆకులే తింటాయి, పాలు కారుతున్నా తింటాయి. కింద పచ్చగా, బంగారు చుక్కలు పెట్టినట్టు గూళ్ళు వేలాడతాయి. ఇదంతా నాకు తెలుసు. కానీ కాంట్రాక్టరు సూపర్‌వైజరు, పాతికేళ్ళ పిలగాడు, చదువుకున్నవాడు, "మొత్తం సాఫ్ చెయ్యాలె" అన్నాడు. కూలీలు పీకుతున్నారు. నేను సున్నం కలుపుతున్నాను, రాళ్ళకు కొట్టడానికి. మా దగ్గర పెద్దవాళ్ళు వస్తున్నారంటే ముందు రాళ్ళకూ చెట్లకూ సున్నం కొడతారు. ఎందుకని ఎవరూ అడగరు.

కంచె అవతల పాదుల్లోంచి వదిన లేచి నిలబడింది.

"ఓ సారూ! జిల్లేడు పీకి సీతాకోకచిల్కలను పిలుస్తున్నరా? తల్లిని ఎల్లగొట్టి పిల్లకు తొట్టెల కట్టినట్టున్నది."

"అవ్వా, అది కలుపు. పార్కుల కలుపు ఉంటదా?" అన్నాడు సూపర్‌వైజరు.

"కలుపు నాకు చెప్తున్నవా బిడ్డా? నేను కలుపు తీసేటప్పుడు మీ అవ్వ పుట్టలే."

కూలీలు నవ్వారు. పిలగాడి మొహం ఎర్రబడింది. నా వైపు చూశాడు. నేను ఏం చేయాలి? మా వదిన చెప్పింది నిజమని చెప్పాలి. నేను చెప్పలేదు. "ముసలామె మాటలు పట్టించుకోకు సార్, ఆమె గట్లనే ఒర్లుతది" అన్నాను. వదిన విన్నది. మళ్ళీ పాదుల్లోకి వంగింది.

గురువారం నాటికి పని చాలావరకు అయింది. ఉగాది రోజు ఓపెనింగు. కంచె ఇప్పచెట్టు అవతలి నుంచి పోయింది కాబట్టి చెట్టు పార్కులోకి వచ్చింది. దానికి సున్నం కొట్టడానికి పోయిన కూలీమనిషి వెనక్కి వచ్చి, తొర్రలో ఈగలున్నాయని చెప్పింది. సూపర్‌వైజరు నా దగ్గరికి వచ్చాడు.

"తాతా, గా తొర్ర మూసెయ్. పెద్దోళ్ళొస్తరు, బడి పిల్లలొస్తరు. ఒక్క ఈగ కుట్టినా నా పని ఖతం."

అంతే. ఆ తొర్ర, అన్నాడు. ఒక్క తొర్ర. ఇది గుర్తుపెట్టుకోండి. నేను రోజూ గుర్తుపెట్టుకుంటున్నాను.

సూపర్‌వైజరు ఫోను మాట్లాడుకుంటూ నీడకు పోయాడు. నాకు మాలు, అంటే ఇసుక సిమెంటు కలిపిన ముద్ద, అందించేది మా కాలనీ కూలీమనిషే, సున్నం పనికి పోయి వచ్చినామె. నన్ను కాక అని పిలుస్తుంది.

"కాకా, పాపం, లోపల బగ్గ ఉన్నయి. మీ వదినవి గావా అవి?"

"ఈగలు ఎవరివైతయి? మాలు తే. మూడుకొకటి కలుపు."

"గంత కడక్ ఎందుకే? మట్టి పెడ్తె అయిపోదా?"

మట్టి పెడితే అయిపోయేది. నాలుగు రోజుల్లో అవే తొలుచుకొని వచ్చేవి. ఆ మనిషికి ఒక్క అక్షరం రాదు. నాకు వచ్చు. "నా పని నాకు నేర్పుతున్నవా?" అన్నాను.

తొర్ర దగ్గరికి పోయి చెంప పెట్టాను. అలవాటు. వెచ్చగా తగిలింది. గుప్పెడంత వెచ్చని గాలి, తేనె వాసనతో, మైనం వాసనతో. లోపల అవి రెక్కలతో విసురుకుంటాయి, ఎండ రోజుల్లో. అది నాకు తెలుసు. అయినా నా ఒళ్ళు నాకు చెప్పింది ఒక్కటే: లోపల నిప్పుంది, మూసెయ్. నా వయసుకు ఆ అలవాటు మీద నెట్టేయడం తేలిక. నెట్టేయను. అలవాటు నా చెంపకే ఉంది. మిగిలిన మనిషిని నేను అక్కడే ఉన్నాను.

రాళ్ళ ముక్కలు పెట్టి, మాలు కొట్టి, మూశాను. బయటికి పోయిన ఈగలు తిరిగి వస్తున్నాయి, కాళ్ళకు పసుప్పచ్చ పుప్పొడి ఉండలతో. తడి సిమెంటు మీద వాలి అంటుకుపోతున్నాయి. నాకు అప్పుడు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తాను. ఫినిషింగు పాడవుతోందని చిరాకు వేసింది. తాపీ అంచుతో వాటిని తీసేసి మళ్ళీ నున్నగా రుద్దాను.

తర్వాత చెట్టు చుట్టూ తిరిగాను. ఎవరూ తిరగమని చెప్పలేదు. గోడ కట్టాక చుట్టూ చూసుకోవాలి, ఇంకెక్కడైనా గాలి తిరుగుతోందా అని. చూశాను. వెనుక వైపు, నేలకు రెండు జానల ఎత్తులో, వేళ్ళ మధ్య రూపాయి బిళ్ళంత సందు. వదిన పాదుల వైపుకు. బీడీ ముట్టించి దాని ముందు పెట్టాను. పొగ ఊగింది. లోపలి నుంచి ఊపిరి తగిలినట్టు ఊగింది. రెండో దారి అదే. ఒక్కొక్క ఈగ అందులోంచి పాక్కుంటూ బయటికి వస్తోంది.

దాన్ని వదిలేసి ఉంటే అవి బతికేవి. సూపర్‌వైజరు చెప్పిన తొర్ర మూసినట్టూ ఉండేది, పార్కు వైపు ఒక్క ఈగా వచ్చేది కాదు, వదిన పాదుల వైపే తిరిగేవి. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ సందు ఉందని లోకంలో ఎవరికీ తెలియదు. నాకు తప్ప. నేను దాన్ని కూడా మూశాను. లీకు వదిలిన మేస్త్రీ అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఎవరు అంటారు? ఎవరూ అనరు. ఆ ఓవర్‌మేన్ కూడా పోయి చాలా కాలమైంది.

ముందు వైపుకు వచ్చి, మేకు తీసి రాశాను. వారం, తేదీ. వెచ్చగా తగిలింది కాబట్టి గంట కూడా. చెవి పెట్టి విన్నాను. లోపల ఝుమ్మని ఒకటే మోత, దూరంగా ఫ్యాను తిరిగినట్టు. శుక్రవారం విన్నాను. శనివారం విన్నాను, తగ్గింది. తర్వాత వినలేదు.

ఉగాది రోజు ఓపెనింగు బాగా జరిగింది. బడి పిల్లలు వరుసగా వచ్చారు. ఒక చిన్నపిల్ల "సీతాకోకచిలుకలు ఏవి టీచర్?" అని అడిగితే, టీచరు నేను చేసిన సిమెంటుదాన్ని చూపించింది. పిల్ల దాన్ని తట్టి చూసి ఊరుకుంది. రంగు బోర్డులు పెట్టారు. అందులో ఒకటి ఇప్పచెట్టుకే తీగతో కట్టారు. నాకు చదవడం వచ్చు కదా, చదివాను. "తేనెటీగలను కాపాడుదాం. తేనెటీగ లేనిదే పంట లేదు." బోర్డు కింద నా సిమెంటు, సున్నం కొట్టి తెల్లగా. చదువు రాకపోయి ఉంటే ఆ రోజు భక్షాలు తిని హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ప్రతి ఉగాదికీ వదిన మా ఇంటికి ఒక గుమ్మడికాయ పంపేది. ఆ ఏడు పంపలేదు. ఐదు రోజులు ఆగి నేనే పోయాను. పాదుల్లో ఉంది. చేతిలో కోడి ఈక. మగపువ్వులో తిప్పి, ఆడపువ్వులో తిప్పి, ఇంకో పువ్వు దగ్గరికి వంగుతోంది. నడుము పట్టుకొని లేస్తోంది. పాదుల కింద చూశాను. బొటనవేలంత పిందెలు పసుపుపచ్చగా మాడి, రాలి, కుళ్ళి ఉన్నాయి. దోసపాదులకైతే ఒక్క కాయ లేదు, పూలే.

"ఏంది వదినా, గిట్లయింది?" అన్నాను. ఏమీ తెలియనట్టు. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంటుంది.

ఆమె తల ఎత్తలేదు. "ఈగ వాలకుంటె పిందె నిలువది. తుమ్మెదలు ఒకటో రెండో వస్తున్నయి. వాటితోని ఏమైతది?" అంది. తర్వాత ఈకతో చెట్టు వైపు చూపించింది. "ఆ తొర్ర మీద ఏందో రాసున్నది మర్ది. నాకు చదువు రాదు గదా. ఏం రాసిన్రు?"

"పార్కోళ్ళు... చెట్టు నంబరు ఏసిన్రు."

"నంబరా?"

"ఆఁ, నంబరే."

ఆమె ఈకను కొప్పులో గుచ్చుకుంది. నా ముందుకు వచ్చి నిలబడింది.

"నాకు అక్షరం రాదు, నిజమే. నీ రాత గూడ తెల్వదనుకున్నవా? మీ అన్న సమాధి ప్రతి అమాసకు కడుగుతున్న. ఆ కడుపు పెద్దగున్న అక్షరం, ఆ కొక్కెం తీరు గీసినవి, అవన్ని వేలుతోని రుద్ది రుద్ది కడుగుతున్న. ఈడ గూడ అదే చెయ్యి. పదహారు రోజులైంది మర్ది. నువ్వే వచ్చి చెప్తవని చూస్తున్న."

నేను రాలిన పిందెల వైపు చూశాను.

"వాడు, గా పిలగాడు, ఆ తొర్ర మూయమన్నడంట. మాలు మోసిన పిల్ల చెప్పింది. సరే, కైకిలికి పోయినంక చెప్పిన పని చెయ్యాలె. ఎనక సందు ఎవరు మూయమన్నరు?"

ఇంటికి పోయి ఉలీ సుత్తీ తెచ్చాను. పార్కువాళ్ళు ఏమంటారోనని ఆలోచించలేదు, అప్పటికి పార్కులో ఎవరూ ఉండటం లేదు. కొట్టడం మొదలుపెట్టాను. నా సిమెంటు నాకు లొంగలేదు. మూడుకొకటి కదా. గంటకు పైగా పట్టింది. రాత ఉన్న పెచ్చు విరగకుండా పలకలాగా ఊడి కింద పడింది. లోపల నల్లగా ఉంది. చేయి పెట్టాను. మోచేతి దాకా పెట్టాను, ఆగలేదు, భుజం దాకా పెట్టాను. అట్టలు కూలిపోయి ఉన్నాయి, మైనంపురుగు పట్టి గూళ్ళు అల్లింది. తేనె అడుగున కారి చచ్చిన ఈగలతో కలిసి మడ్డి అయింది. ముందు వైపు ఈగలు కొన్నే ఉన్నాయి. వెనుక సందు దగ్గర, నేను మూసిన సిమెంటుకు లోపలి వైపు, బెత్తెడు మందాన పేరుకొని ఉన్నాయి. అన్నీ ఆ దారికే పోయాయి. అది ఒకటి ఉండేదని వాటికి తెలుసు కదా.

వదిన నా చేయి వైపు చూసింది, భుజం దాకా నల్లగా ఉన్నదాన్ని.

"అందుకే మా మామ నిన్ను ఈ చెట్టు కాడికి రానియ్యలే" అంది.

రాత ఉన్న సిమెంటు పలకను తీసుకొని కొంగుతో తుడిచి చంకన పెట్టుకుంది. దాన్ని ఏం చేస్తావని అడిగితే, "నా దగ్గరుండనియ్యి మేస్త్రీ" అంది. మేస్త్రీ అంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నన్ను మర్ది అని పిలవలేదు. నీళ్ళిస్తుంది, కూర్చోమంటుంది, ఆరోగ్యం అడుగుతుంది, అన్నీ "మేస్త్రీ" అనే. ఆ పలకను నీళ్ళ కుండ మూత మీద బరువుకు పెట్టుకుంది, రాత పైకి ఉండేటట్టు. ఆమె ఇంటికి పోయి నీళ్ళు తాగాలంటే నేను రాసింది నేను చదువుకొని తాగాలి.

రెండేళ్ళయింది. ఈగలు రాలేదు. తొర్రకు మైనం రాసి పెడితే వస్తాయని ఎవరో చెప్తే రాసి పెట్టాను. ఒక బల్లి వచ్చింది. వదిన ఒక కారు పంటకు ఈకతో చూసింది, నడుము ఒప్పుకోలేదు. ఇప్పుడు గుమ్మడి లేదు, దోస లేదు. తోటకూర, గోంగూర పెడుతుంది. వాటికి ఈగ అక్కరలేదు. వాటికి గంప కూడా అక్కరలేదు, కొంగులో పట్టేన్ని వస్తాయి. పొద్దున మూల మీద కూర్చున్నా ఆమెతో మాట్లాడటానికి ఆగేవాళ్ళు తగ్గారు. పార్కులో మాత్రం జిల్లేడు మళ్ళీ మొలిచింది. నీళ్ళు పోసేవాళ్ళు లేక వాళ్ళు పెట్టిన పూలమొక్కలు చచ్చాయి, పీకేవాళ్ళు లేక జిల్లేడు బతికింది. దాని మీద నారింజ రెక్కలవి నాలుగైదు తిరుగుతున్నాయి. కాపాడటం మానేస్తేనే అవి వచ్చాయి. అది చూసి సంతోషపడదామంటే నాకు చేతకావడం లేదు.

పార్కు గేటు దగ్గర నల్లరాయి మీద చాలా పేర్లు చెక్కారు. అన్నీ చదివాను, కమిటీవాళ్ళు, చందాలిచ్చినవాళ్ళు, రిబ్బను కోసినవాళ్ళు. వాళ్ళను నేను ఏమీ అనను. వాళ్ళలో ఒక్కరూ ఆ గురువారం అక్కడ లేరు. ఉన్నవాళ్ళను ఎవరూ ఎక్కడా చెక్కలేదు కాబట్టి నేను రాస్తున్నాను. పేర్లు వద్దు. ఎవరో వాళ్ళకు తెలుసు.

కాంట్రాక్టరు సూపర్‌వైజరు, వేపచెట్టు నీడలో, చెవి దగ్గర ఫోనుతో. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, స్టీరింగు మీద తల పెట్టి నిద్రలో. మాలు అందించిన కూలీమనిషి, మట్టి పెడితే చాలదా అని అడిగినామె. లోపల ఈగలు. బయటికి పోయి పుప్పొడితో తిరిగి వచ్చిన ఈగలు. కంచె అవతల మా అన్న భార్య, గుమ్మడిపాదుల్లో వంగి ఉంది, వీపు మా వైపుకు. ఆమె వీపు మా వైపుకే ఉందని ఎలా తెలుసంటే, వెనుక సందుకు సిమెంటు పెట్టేముందు నేను తల ఎత్తి అటు చూసుకున్నాను.

నేను.